త్వరగా చెప్పు.. అంటున్నారా?

పై అధికారి హడావుడికీ, ఆయన దగ్గర పనిచేసేవారి గుండెకూ సంబంధం ఉంటుందా? ఉండే అవకాశముందనే అంటున్నాయి పరిశోధనలు. ఆ హడావుడి అధికారి గుండెనూ తేలికగా వదలదు.

‘త్వరగా చెప్పు’. ఈ రెండు మాటలను రోజులో ఎన్నిసార్లు అంటున్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మీరు బ్యాంకు మేనేజరు కావొచ్చు. బడిలో హెడ్మాస్టరు కావొచ్చు. ఆసుపత్రిలో హెడ్‌ నర్సు, సాఫ్ట్‌వేర్‌ కంపెనీలో టీమ్‌ లీడ్‌, నలుగురు కుర్రాళ్లను పెట్టుకొని బట్టల షాపు నడిపే యజమాని.. ఎవరైనా కావొచ్చు. మీ దగ్గర పనిచేసే మనిషి ఏదో చెప్పాలని వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. మీ కళ్లు కంప్యూటర్‌ మీద. చెయ్యి ఫోను మీద. ‘ఊఁ.. త్వరగా చెప్పు’ అంటారు. ఆయన చెప్పాలనుకున్న నాలుగు మాటల్లో ఒకటి చెప్పి వెళ్లిపోతారు. మిగతా మూడింటిలో ఏముందో మీకు తెలియదు. చాలాసార్లు అసలు సంగతి అక్కడే ఉండిపోతుంది.

ఇదంతా మర్యాదకు సంబంధించిన వ్యవహారమని అనుకుంటాం. మేనేజ్‌మెంట్‌ కోర్సుల్లో చెప్పే పాఠాలు ఆరోగ్యం పేజీల్లో ఎందుకనీ అనిపించొచ్చు. కానీ పైవారు నిదానించి, కిందివారి మాట వినే చోటుకూ వినని చోటుకూ తేడా రక్తపోటులో, నిద్రలో, గుండెపోటు ముప్పులో కూడా కనిపిస్తోంది. అదెలాగో తెలుసుకోవటానికి ముందు ఆపరేషన్‌ థియేటర్‌లోకి వెళ్లొద్దాం.

కోత పెట్టే ముందు పరిచయాలు

తొందరపడటానికి న్యాయమైన కారణముండే చోటంటూ ఉంటే అది ఆపరేషన్‌ థియేటరే. మత్తు ఇచ్చాక గడిచే ప్రతి నిమిషానికీ లెక్కుంటుంది. ఒకరికి చికిత్స జరుగుతుండగానే బయట స్ట్రెచర్‌ మీద మరొకరు సిద్ధంగా ఉంటారు. లోపల సర్జన్‌ మాటే శాసనం. సరిగ్గా అలాంటి చోటే ‘ఒక్క నిమిషం ఆగండి’ అంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2008లో అది విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రత జాబితాలో 19 అంశాలున్నాయి. దీని రూపకల్పనకు నేతృత్వం వహించింది భారతీయ మూలాలున్న అమెరికా సర్జన్‌ అతుల్‌ గవాండే. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్‌ నుంచి బయటకు తీసుకెళ్లే ముందు.. ఇలా మూడు చోట్ల అందరూ చేతులాపి జాబితా సరిచూసుకోవాలి. కోత పెట్టే ముందు చేయాల్సిన ఒక పని కొందరికి వింతగా తోచింది. సర్జన్‌ నుంచి నర్సు వరకూ గదిలో ఉన్నవారంతా తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి!

రోజూ చూసే ముఖాలే కదా, ఇప్పుడు పేర్లెందుకు అనుకోవద్దు. పెద్ద ఆసుపత్రుల్లో బృందాలు రోజూ మారిపోతుంటాయి. పేరైనా తెలియని పెద్ద డాక్టరుకు తప్పు ఎత్తి చూపాలంటే కొత్త నర్సుకు గొంతు పెగలదు. తన పేరు చెప్పటానికి ఒకసారి నోరు విప్పిన మనిషికి, ఆ తర్వాత ‘డాక్టరు గారూ, గాజుగుడ్డ ఒకటి లెక్కకు రావటం లేదు’ అనటం తేలికవుతుంది. కోత పెట్టే ముందే సర్జన్‌ కూడా ఏ దశ కష్టమో, ఎంత రక్తం పోవచ్చో అందరికీ చెప్పాలి. అంటే గదిలో అందరికన్నా పెద్ద మనిషి ఆగి, తన మనసులో ఉన్నది అందరితో పంచుకోవాలన్నమాట.

దిల్లీ సహా 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు. జాబితా వాడకముందు సుమారు 3,700 మందిని, వాడాక 3,900 మందికి పైగా రోగులను పరిశీలించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద దుష్ప్రభావాలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఘనతంతా పరిచయాలదే అనలేం. సమయానికి యాంటీబయాటిక్‌ ఇవ్వటం, ఏ వైపు కోయాలో సరిచూసుకోవటం వంటివీ జాబితాలో ఉన్నాయి మరి.

కథ అక్కడితో అయిపోలేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇదే జాబితాను ఆసుపత్రులన్నీ వాడేలా చేశారు. 101 ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే మరణాలు, దుష్ప్రభావాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2014లో తేలింది. ఎందుకిలా జరిగిందన్నదానిపై చాలా చర్చే నడిచింది. ఎక్కువమంది చెప్పిన కారణం మన ఆఫీసుల్లో పనిచేసేవారికి బాగా తెలిసిందే. పైనుంచి ఆదేశం వచ్చింది, కింద టిక్కులు పెట్టారు. కాగితం మీద అందరూ ఆగారు. నిజంగా ఎందరు ఆగారో ఎవరికి తెలుసు?

ఆలస్యమైతే మనిషి కనిపించడు

కసిరేవారు, వినకుండా వెళ్లిపోయేవారు స్వతహాగా చెడ్డవారని అనుకుంటాం. నిజానికి చాలామంది చెడ్డవారు కారు. ఆలస్యమవుతోందన్న కంగారులో ఉన్నవారు.. అంతే. దీన్ని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మత బోధకులయ్యేందుకు చదువుకుంటున్న 40 మంది విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగం బాగా పట్టిచ్చింది. డార్లీ, బాట్సన్‌ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో దీన్ని ప్రచురించారు. విద్యార్థులను పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. దారిలో ఒక మనిషి తల వేలాడేసుకొని, దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉంటాడు. అతడు పరిశోధకులు పెట్టిన మనిషేనని విద్యార్థులకు తెలియదు. కొందరికి ‘చాలా సమయముంది’ అని చెప్పి పంపారు. కొందరికి ‘సరిగ్గా సమయానికే వెళ్తున్నారు’ అన్నారు. ఇంకొందరిని ‘ఇప్పటికే ఆలస్యమైంది, పదండి పదండి’ అని తరిమారు.

తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. కొద్దిగా తొందర ఉన్నవారిలో 45 శాతం. బాగా తొందరలో ఉన్నవారిలో 10 శాతమే! వీరిలో కొందరు చేయబోయే ప్రసంగం దేని గురించో తెలుసా? దారిలో దెబ్బలు తిని పడి ఉన్న అపరిచితుణ్ని ఆదుకున్న మంచి సమరయుడి కథ గురించి. ఆ కథ చెప్పటానికి వెళ్తూనే కొందరు కింద ఉన్న మనిషిని దాటుకొని మరీ వెళ్లిపోయారు. మనసులో ఏ విలువలున్నాయన్న దానికన్నా చేతి గడియారం ఏం చెబుతోందన్నదే ఎక్కువగా పనిచేసింది.

మీ క్యాబిన్‌ ముందు నిలబడిన మనిషి కూలబడి మూలగడు. చేతిలో ఫైలు పట్టుకొని, ముఖాన నవ్వు పులుముకొని నిలబడతాడు. రాత్రి నిద్ర లేదని, ఇంట్లో తల్లికి బాగాలేదని, మొన్నటి లెక్కల్లో పెద్ద పొరపాటు దొర్లిందని ముఖం మీద రాసి ఉండదు. గంటలో మూడు మీటింగులు పెట్టుకున్న కళ్లకు అది అసలే కనిపించదు.

కిందివారి గుండె ఏమంటోంది?

స్వీడన్‌ రాజధాని స్టాక్‌హోం ప్రాంతంలో 3,122 మంది మగ ఉద్యోగులను పరిశోధకులు సుమారు పదేళ్ల పాటు గమనించారు. ముందుగా వారి పై అధికారి గురించి కొన్ని ప్రశ్నలు అడిగారు. నాకు కావాల్సిన సమాచారం ఇస్తారా? నా నుంచి ఏం ఆశిస్తున్నారో స్పష్టంగా తెలుసా? నేనెలా ఉన్నానో పట్టించుకుంటారా? నా ఎదుగుదల కోసం సమయం కేటాయిస్తారా? బాగా పనిచేస్తే మెచ్చుకుంటారా? ఇలాంటివన్నమాట. తర్వాతి సంవత్సరాల్లో ఎవరికి గుండెపోటు, గుండె రక్తనాళాల జబ్బులు వచ్చాయో ఆసుపత్రుల రికార్డుల్లో చూశారు. అధికారికి ఎక్కువ మార్కులు వేసినవారిలో జబ్బులు తక్కువగా కనిపించాయి. సిగరెట్లు, వ్యాయామం, చదువు, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా పోలేదు. అదే చోట ఎక్కువ ఏళ్లు పనిచేసినవారిలోనైతే సంబంధం మరింత బలంగా ఉంది. 2009లో వచ్చిన అధ్యయనమిది.

ఆ ప్రశ్నలను మరోసారి చదవండి. వాటిలో డబ్బుతో కొనగలిగేవి దాదాపు లేవు. చాలావాటికి కావాల్సింది అధికారి సమయం.

లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలై ఏళ్ల తరబడి సాగుతున్న వైట్‌హాల్‌ అధ్యయనం కూడా ఇలాంటి మాటే చెప్పింది. అందులోని 6,442 మంది మగ ఉద్యోగులను పరిశీలిస్తే, పనిచేసే చోట తమకు న్యాయం జరుగుతోందని గట్టిగా నమ్మేవారికి మిగతావారి కన్నా గుండెజబ్బు ముప్పు సుమారు 35 శాతం తక్కువగా ఉంది. న్యాయాన్ని ఎలా కొలిచారంటే.. అన్యాయంగా తిడుతుంటారా? మీ సమస్యలు చెబితే అధికారి వింటారా? ఒకరోజు చెప్పినదానికీ మరోరోజు చెప్పినదానికీ పొంతన ఉంటుందా? ఇలాంటి ప్రశ్నలతోనే.

ఇవి పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనాలు. పై అధికారి వల్లే గుండెపోటు వచ్చిందని ఇవి రుజువు చేయవు. అయితే శరీరంలో ఏం జరుగుతుందో ఊహించటం కష్టం కాదు. పొద్దున ఫోన్‌లో అధికారి పేరు కనిపించగానే గుండె దడదడలాడుతుంది. అడ్రినలిన్‌ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. కార్టిజాల్‌ అనే ఒత్తిడి హార్మోను కాలేయంలోని గ్లూకోజును రక్తంలోకి తోడేస్తుంది. పులి ఎదురైతే పరుగెత్తటానికి ఇదంతా అవసరమే. పులి పక్క గదిలో కూర్చొని ఏడాది పొడవునా జీతాల పట్టీ మీద సంతకాలు పెడుతుంటేనే ఇబ్బంది. రక్తపోటు దిగదు, నిద్ర చెడుతుంది. దీనికి తోడు గంటకో టీ, మెట్ల కింద సిగరెట్టు, రాత్రి ఆలస్యంగా బిరియానీ వచ్చి చేరతాయి.

మన విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్‌ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చే వయసు 53 ఏళ్ల దగ్గర ఉంటే, మిగతా దేశాల వారికి దాదాపు 59 ఏళ్లుగా తేలింది. గుండెపోటుకు దారితీసే 9 ప్రధాన కారణాల్లో మానసిక, సామాజిక ఒత్తిళ్లనూ ఒకటిగా ఆ అధ్యయనం లెక్కించింది.

మరి మీ గుండె?

ఇప్పటివరకూ మీ దగ్గర పనిచేసేవారి సంగతి. ఇక మీ విషయానికి వద్దాం. 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్‌ ఫ్రీడ్‌మన్‌, రే రోజెన్‌మన్‌ అనే ఇద్దరు గుండె డాక్టర్లుండేవారు. వారి ఆసుపత్రిలో కుర్చీలకు కొత్త గుడ్డ వేయటానికొచ్చిన పనివాడు ఒక వింత గమనించాడని చెబుతారు. కుర్చీల వెనక భాగం బాగానే ఉంది. ముందు అంచులు, చేతులు మాత్రమే అరిగిపోయాయి! ఎప్పుడెప్పుడు పిలుస్తారా అని రోగులు అంచు మీదే కూర్చునేవారు మరి. ఈ డాక్టర్లే తర్వాత ‘టైప్‌ ఎ’ స్వభావం అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఎప్పుడూ గడియారంతో పోటీ పడటం, ఎదుటివారి మాటను తామే పూర్తి చేయటం, చిన్నదానికే చిర్రెత్తిపోవటం దీని లక్షణాలు. దీన్ని వాళ్లు ‘తొందర జబ్బు’ అనీ అన్నారు.

తర్వాత జరిగిన పరిశోధనలు ఈ సిద్ధాంతాన్ని చాలావరకు సవరించాయి. వేగంగా పనిచేయటం, కష్టపడటం గుండెకు అంత చేటు కాదు. అసలు ప్రమాదం ఎదుటివారి మీద లోపల రగిలే కోపం, ద్వేషం, అపనమ్మకంతోనే. అందుకే చకచకా పనులు చేసుకునే మీరు కంగారు పడక్కర్లేదు. కానీ ఎదురుగా ఉన్న మనిషిని అడ్డంకిగా చూడటం మొదలైతే మాత్రం గమనించుకోవాలి.

ఫ్రీడ్‌మన్‌ బృందం 1978లో మరో మంచి ప్రయత్నం మొదలెట్టింది. ఒకసారి గుండెపోటు వచ్చిన సుమారు 860 మందిని రెండు వర్గాలు చేశారు. అందరికీ ఆహారం, మందులు, వ్యాయామం గురించి మామూలు సలహాలు ఇచ్చారు. ఒక వర్గానికి అదనంగా తొందరనూ కోపాన్నీ తగ్గించుకోవటం నేర్పించారు. నాలుగున్నరేళ్లు గడిచేసరికి మామూలు సలహాలు పొందినవారిలో 21.2 శాతం మందికి మళ్లీ గుండె సమస్య వస్తే, నిదానం నేర్చుకున్న వర్గంలో 12.9 శాతం మందికే వచ్చింది.

ఏం నేర్పించారో వింటే నవ్వొస్తుంది. కావాలని పొడవైన వరసలో నిలబడాలి. రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లే లైన్‌లోనే బండి నడపాలి. మరొకరు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకూడదు. ఇవి మనమూ చేయొచ్చు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టేటప్పుడు ఎక్కువమంది ఉన్న వరసే ఎంచుకోండి. ఫోను జేబులోంచి తీయకుండా నిలబడి చూడండి. మొదటి రెండు నిమిషాలు ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. ఆ చిరాకు ఎలా మొదలై ఎలా దిగుతుందో గమనించటమే ఇక్కడ సాధన. అది పట్టుబడితే, సాయంత్రం 5 గంటలకు సెలవు చీటీ పట్టుకొచ్చిన గుమాస్తా మీద అరవబోయే ముందు కూడా ఆ చిరాకును గుర్తుపట్టగలుగుతారు.

ఎంతసేపు వినాలి?

‘వినాలనే ఉంటుందండీ, కానీ మొదలెడితే ఎవరూ ఆపరు’ అంటారు చాలామంది. డాక్టర్లూ ఇదే అంటారు. నిజమేనా? 1984లో అమెరికాలో బెక్‌మన్‌, ఫ్రాంకెల్‌ అనే పరిశోధకులు 74 సంప్రదింపులను రికార్డు చేసి చూశారు. రోగి బాధ చెప్పటం మొదలెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డొస్తున్నారు. స్విట్జర్లాండ్‌లో దీన్ని తిరగేసి చూశారు. ‘రోగి తనంతట తానే ఆపేదాకా మాట్లాడకండి’ అని డాక్టర్లకు చెప్పి, 335 మంది రోగుల మాటలకు రహస్యంగా సమయం కొలిచారు. సగటున 92 సెకన్లు పట్టింది. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు.

రెండు నిమిషాలు! ఒక టీ కప్పు చల్లారేంత సేపు కూడా కాదు. మీ దగ్గరకు వచ్చినవారికి మొదటి రెండు నిమిషాలు పూర్తిగా ఇచ్చేయండి. కంప్యూటర్‌ తెరను పక్కకు తిప్పండి, ఫోన్‌ను బోర్లా పెట్టండి, వచ్చినవారిని కూర్చోమనండి. నిలబెట్టి మాట్లాడించటం మన ఆఫీసుల్లో ఇంకా పోలేదు. నిలబడ్డ మనిషి సగం చెప్పి వెళ్లిపోతాడు. నిజంగానే తీరిక లేకపోతే సగం సగం వినటం కన్నా ‘ఇప్పుడు కుదరదు, నాలుగింటికి పది నిమిషాలు కూర్చుందాం’ అని చెప్పటం మేలు. అయితే నాలుగింటికి మీరే పిలవాలి. ఇది తప్పితే ఇంకోసారి వారు రారు.

వినటం పూర్తయ్యాక అడిగే ప్రశ్న ఒకటుంది. దీని మీదా పరిశోధన జరిగింది. ‘ఇంకేమైనా ఉన్నాయా?’ అని డాక్టర్లు అడిగితే రోగులు చెప్పాలనుకున్న మిగతా సమస్యలు పెద్దగా బయటకు రాలేదు. అదే ప్రశ్నను ‘ఇంకొన్ని సమస్యలు కూడా ఉన్నాయా?’ అన్న అర్థం వచ్చేలా ఒక్క మాట మార్చి అడిగితే, చెప్పకుండా మిగిలిపోయే సమస్యలు 78 శాతం తగ్గాయి. 2007 నాటి అమెరికా అధ్యయనం ఇది, ఇంగ్లిష్‌ మాటల మీద చేసింది. తెలుగులో మాత్రం తేడా ఉండదా? ‘ఇంకేమైనా ఉందా?’ అని లేస్తూ అడిగితే ‘లేదు సార్‌’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఇంకా ఏదో చెప్పాలనుకున్నట్టున్నారు, చెప్పండి’ అని కూర్చొనే అడిగి చూడండి.

తప్పు జరిగిందని ఎవరైనా చెప్పటానికి వచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం. ‘ఎందుకు చేశావ్‌?’ అంటే సాకులు వస్తాయి. ‘ఏం జరిగింది, మొదట్నుంచీ చెప్పు’ అంటే జరిగింది వస్తుంది. అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేస్తే ఒక తికమక ఎదురైంది. మంచి బృందాలని పేరున్న చోట పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి! లోతుగా చూస్తే అక్కడివారు తప్పులు ఎక్కువ చేయటం లేదు, భయపడకుండా చెబుతున్నారు. మీ దగ్గరకు చెడు వార్త అసలు రావటమే లేదంటే అంతా బాగుందని సంతోషించకండి.

బాబూ, అమ్మాయ్‌.. అసలు పేరేంటి?

మనకో సౌకర్యముంది. పేరు తెలియకపోయినా వరస కలిపి పిలిచేయొచ్చు. అటెండరు ‘బాబూ’, ఊడ్చే ఆమె ‘ఏమ్మా’, వాచ్‌మన్‌ ‘అన్నా’ అయిపోతారు. ఇది ఆప్యాయతే, కాదనలేం. కానీ ఇదే సౌకర్యం చాటున పేరు తెలియకుండానే పదేళ్లు గడిచిపోతాయి. మీ ఆఫీసులో రోజూ మీ బల్ల తుడిచే మనిషి పేరేంటి? ఊరేంటి? పిల్లలు ఏం చదువుతున్నారు? ఒక్కదానికీ జవాబు తెలియకపోతే రేపే అడగొచ్చు. ఆరా తీసినట్టు కాదు, ఎదురుపడినప్పుడు మాటల్లో. చెప్పటం ఇష్టం లేదనిపిస్తే వదిలేయండి. ముఖ్యంగా మహిళా సిబ్బందిని ఇంటి విషయాలు గుచ్చి గుచ్చి అడగటం శ్రద్ధ అనిపించుకోదు.

పదోన్నతితో పాటు మరో మార్పూ చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. అదే క్యారేజీని ఒంటరిగా విప్పుకోవటం. నిన్నటిదాకా నలుగురితో కలిసి పచ్చడి పంచుకున్న మనిషి ఇవాళ క్యాబిన్‌లో ఫోన్‌ చూస్తూ తింటారు. కొన్నాళ్లకు ఆఫీసులో ఏం జరుగుతోందో తెలియదు, తన బాధ చెప్పుకోవటానికీ ఎవరూ ఉండరు. ఒంటరితనం ఆరోగ్యానికి చిన్న సమస్యేమీ కాదు. 3 లక్షల మందికి పైగా పాల్గొన్న 148 అధ్యయనాలను 2010లో కలిపి విశ్లేషిస్తే, మనుషులతో గట్టి సంబంధాలున్నవారు ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారి కన్నా 50 శాతం ఎక్కువని తేలింది. కలిసి తినటం పనికీ మంచిదే. అమెరికాలో కార్నెల్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు అగ్నిమాపక కేంద్రాలను పరిశీలించి, కలిసి వండుకొని తినే బృందాలు పనిలోనూ మెరుగ్గా ఉంటున్నాయని గుర్తించారు.

అలాగని రోజూ సిబ్బంది మధ్యలో వెళ్లి కూర్చోకండి. మీ గురించి చెప్పుకోవటానికి వాళ్లకూ కాస్త తీరిక కావాలి కదా! వారానికోసారి చాలు. ఆ పూట పని మాటలు ఎత్తొద్దు.

ఇంకో సంగతి. వినటం జీతానికీ, సెలవుకూ బదులు కాదు. బదిలీ అడిగిన మనిషి బాధంతా ఓపిగ్గా విని, ఆ ఫైలును అలాగే సొరుగులో పడేస్తే నమ్మకం రెట్టింపు వేగంతో పోతుంది. చేయలేనిదైతే చేయలేమని, ఎందుకు కుదరదో అదే రోజు చెప్పేయాలి. ఆదివారం సాయంత్రం ఫోన్‌ చేసి ‘ఎలా ఉన్నావ్‌, ఊరికే చేశాను’ అనటం కూడా వద్దు. మీకది ఊరికే. అవతలి మనిషికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

నిదానం ఎక్కడ? వేగం ఎక్కడ?

నిదానమే ప్రధానం అన్నారు. ఆలస్యం అమృతం విషం అనీ అన్నారు. రెండూ మన సామెతలే, రెండూ నిజమే. మంట లేచినప్పుడు, రోగి గుండె ఆగినప్పుడు సలహా సంఘం వేయరు. ఒక్కరు చెప్పాలి, మిగతావారు చేయాలి. అయితే ఆ క్షణంలో అందరూ ఒక్క మాటకు కదలాలంటే ఆ మనిషి మీద ముందే నమ్మకం ఉండాలి. అది కుదిరేది మామూలు రోజుల్లోనే. అసలు రోజులో నిజమైన అత్యవసరాలు ఎన్ని? ఒక వారం పాటు మీరు ‘అర్జంటు’ అన్న ప్రతి పనినీ కాగితం మీద రాసుకొని, శనివారం నాడు ఒకసారి చూడండి. ఒకరోజు ఆగితే ఏమీ కానివి ఎన్నున్నాయో మీకే తెలుస్తుంది. వచ్చే వారం వాటికి ఆ మాట వాడకండి.

ఇంటికొచ్చాక కూడా అంతే. బడిలో జరిగింది చెప్పటానికి పిల్లాడు చెప్పులు విప్పకముందే ఎదురొస్తాడు. వయసు మీదపడ్డ నాన్న మందుల గురించి మొదలెట్టి, మధ్యలో పాత కథలోకి వెళ్తారు. ఆఫీసులో నోటికి అలవాటైన ‘త్వరగా చెప్పు’ ఇక్కడా దూసుకొస్తుంది. కాళ్లు కడుక్కొని, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చున్నాకే ఫోన్‌ చేతిలోకి తీసుకోవాలని ఇంట్లో నియమం పెట్టుకోండి. అది మీకూ వర్తించాలి.

ఎప్పుడు సాయం తీసుకోవాలి?

ఎప్పుడూ నిస్సత్తువ, పనంటే విరక్తి లేదా చిన్నచూపు, ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావన.. ఈ మూడూ కలిసి వారాల తరబడి వేధిస్తుంటే పని ఒత్తిడితో అలసి సొలసిపోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని పనికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. ఇవి మీలో ఉన్నా, మీ దగ్గర పనిచేసేవారిలో కనిపించినా తేలికగా తీసుకోవద్దు. మానసిక వైద్యులను సంప్రదించొచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్‌ సేవలకు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. రక్తపోటు, గ్లూకోజు, కొలెస్ట్రాల్‌ పరీక్షలు ఏడాదికోసారి చేయించుకోవాలి. వీలైతే సిబ్బంది అందరికీ ఆఫీసులోనే ఏర్పాటు చేయండి.

ఛాతీలో బరువు, బిగపట్టినట్టు నొప్పి, అది ఎడమ చేయికి గానీ దవడకు గానీ పాకటం, చల్లటి చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే 108కి ఫోన్‌ చేయాలి. ‘గ్యాస్‌ అయ్యుంటుంది, కాసేపు కూర్చో’ అని ఎవరూ సర్దిచెప్పొద్దు. మధ్యలో ఉన్న పని ఎంత ముఖ్యమైనదైనా సరే.